నదికి అవతల మా మరదలు

మా మరదలు దేశ భద్రతకు ముప్పేమోనని అమెరికాకి అనుమానం వచ్చింది. నాకు తెలిసి ఆమె వంకాయ కూరలో కారం వేసేటప్పుడు తప్ప ప్రమాదకారి కాదు. వీసా స్టాంపింగ్‌ కోసం భర్తతో కెనడా వెళ్తే, సెక్యూరిటీ చెక్ అంటూ ఫైలు పక్కన పడేశారు. చేసేది లేక సరిహద్దు నదికి అవతలి ఊళ్లోనే కాపురం పెట్టారు. కొడుకు కూడా పుట్టాడు. మేం వెళ్దామంటే మా గ్రీన్‌కార్డ్ మధ్యలో ఉంది. దాటితే తిరిగి రానిస్తారో లేదో చెప్పలేనన్నాడు లాయరు.

అందుకని ఆదివారాలు మేముండే నోవై ఊరి నుంచి నది దాకా డ్రైవ్ చేసుకుంటూ వెళ్లేవాళ్లం. నది అక్కడ సన్నగా ఉంటుంది. ఇవతలి పార్కులో మా ఆవిడ ఆకుపచ్చ చున్నీ ఊపేది. అవతల చెల్లెలు పిల్లాణ్ణి ఎత్తి చూపేది. మాటలు ఫోన్లో, ముఖాలు బైనాక్యులర్స్‌లో.

ఒకరోజు సరిహద్దు అధికారి వచ్చాడు. స్తంభం మీది కెమెరా మా చున్నీని పసిగట్టిందట.

“ఎవరికి సిగ్నల్ ఇస్తున్నారు?”

“మా చెల్లికి. బేబీకి పళ్లొచ్చాయి, చూపిస్తోంది,” అంది మా ఆవిడ.

ఇంత రహస్య సమాచారం బయటపడ్డాక ఊరుకుంటాడా? పాస్‌పోర్టులు అడిగాడు. పార్కుకి పులిహోర తెచ్చుకున్నాం గానీ పాస్‌పోర్టులు తేవాలని తట్టలేదు. మా లైసెన్సులు పట్టుకెళ్లి తన కార్లో కూర్చున్నాడు. మా ఆవిడ చున్నీ మడిచి సంచిలో కుక్కేసింది. ఫోన్లో చెల్లెలు, “ఏమైందక్కా? ఎవరాయన?” అని ఒకటే గొడవ.

అతను తిరిగొచ్చి బైనాక్యులర్స్ అడిగి తీసుకుని చాలాసేపు చూశాడు.

“పసుపు టోపీ వాడేనా?”

“వాడే.”

లైసెన్సులు ఇచ్చేస్తూ, “బట్ట ఊపకండి. చెయ్యి ఊపుకోవచ్చు,” అన్నాడు. చట్టానికి దయ లేదని ఎవరూ అనకూడదు.

తర్వాత కూడా వెళ్లాం, పాస్‌పోర్టులు మోసుకుంటూ. మా ఆవిడ మాత్రం చెయ్యి భుజం దాటి ఎత్తేది కాదు.

పిల్లాడు పరుగులు పెట్టే వయసొచ్చాక మా మరదలు నిరపాయకరమని తేలి వీసా ఇచ్చారు. వాళ్లు మా గుమ్మంలో కారు దిగగానే మా ఆవిడ వాణ్ణి ఎత్తుకోబోయింది. వాడు గుక్కపట్టి ఏడ్చి తల్లి మెడ కరుచుకున్నాడు.

“కొత్త కదక్కా,” అంది మా మరదలు.

మా ఆవిడ నవ్వి, పాలు పొంగుతున్నాయంటూ వంటింట్లోకి వెళ్లింది. వెనకే వెళ్లి చూశాను. స్టవ్ వెలిగించి లేదు.

సాయంత్రానికి వాడు మా ఆవిడ చేతిలోంచి అరటిపండు ముక్క తీసుకున్నాడు.