ఆదివారం మొద్దావతారం

వెర్లా రౌష్‌కి కోపం రావడానికి కారణం అక్కర్లేదని ఆమె భర్త లోరెన్ అనేవాడు. అక్కర్లేకపోవడమేమిటి, కావలసినన్ని ఉండేవి! ఒహైయోలోని ఆ చిన్న ఊళ్ళో ఇరవై రెండేళ్ళు టెలిఫోను ఎక్స్ఛేంజిలో కూర్చుని జనం ఫోన్లన్నీ కలిపింది. రిటైరయ్యాక హాయిగా ఉండొచ్చు కదా. ఉండలేదు. సామాన్ల గదిలో పీచ్ పళ్ళ సీసాలు పక్కకి జరిపి కంప్యూటరు పెట్టింది. దానికి, ఫోను తీగ మీద కంప్యూటర్లని ఒకదానితో ఒకటి కలిపే మోడెం తగిలించి, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోను లైను దానికి అప్పగించింది. వంశవృక్షాలు వెతుక్కునేవాళ్ళు తమ కంప్యూటర్లతో ఆ నంబరుకి ఫోన్ చేసి, ఒకరి తర్వాత ఒకరు, తాతముత్తాతల గురించి ప్రశ్నలు రాసిపెట్టేవారు. తీరిక దొరికినప్పుడు జవాబులు చదువుకునేవారు. దాన్ని అందరూ బోర్డు అనేవారు. అది 1991.

ఆ జనంతో వెర్లా తల ప్రాణం తోకకొచ్చేది. ఒకాయన "మా ముత్తాత పేరు జాన్, ఎవరికైనా తెలుసా?" అని రాసి ఊరుకుంటాడు. ఇంకొకావిడ తన వంశాన్ని ఏకంగా ఇంగ్లండు రాజుల దాకా లాక్కెళుతుంది, తీరా చూస్తే మధ్యలో ఒక తల్లి కొడుకు కంటే నాలుగేళ్ళు చిన్నది. "ముందు కూడికలు నేర్చుకోండి తల్లీ!" అని వెర్లా జవాబిచ్చేది.

ఇంత తలనొప్పీ ఒక్క ప్రశ్న కోసం. బోర్డు పెట్టిన మొదటిరోజే తను రాసుకుంది: "ఆర్లెటా, పుట్టింటి పేరు స్టూడర్, 1958లో అయోవా వైపు వెళ్ళింది. ఆచూకీ కావాలి." ఆర్లెటా ఆమె సొంత అక్క. తల్లి అంత్యక్రియల రోజున, నాలుగు తరాల పుట్టుకలూ చావులూ రాసి ఉన్న ఇంటి బైబిల్‌ని అక్క తన కారులో పెట్టేసుకుంది. వెర్లా వాకిట్లో నిలబడి గొంతు చించుకుని అరిచింది. చెల్లెలి నోట అక్క ఆఖరిసారి విన్నది ఆ అరుపే.

"అక్కేం అక్కర్లేదు నాకు. బైబిల్ కావాలి," అనేది వెర్లా.

"అలాగే," అనేవాడు లోరెన్, నమ్మకుండా.

ఆ వేసవిలో కొత్త తద్దినమొకటి తగులుకుంది. ఎవరెప్పుడు ఫోన్ చేశారో కంప్యూటరు పట్టీ రాసేది కదా, అందులో ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ఒక ఫోను. అవతల మోడెం ఉండదు. పది సెకన్లలో పెట్టేస్తారు. వెర్లాకి ఒళ్ళు మండి బోర్డు ముందు పేజీలోనే రాసిపెట్టింది: "ఆదివారం రెండింటికి చేసే మొద్దావతారానికి: ముందు మీ మోడెం ఆన్ చేసి ఏడవండి."

"మోడెమే లేదేమో పాపం. ఎవరో మనిషేమో," అన్నాడు లోరెన్.

"నాకు ఫోన్ చేసే మనిషెవరున్నారు?"

"చేస్తే దొరుకుతావా? లైను కలవక పళ్ళ డాక్టరు నీకు పోస్టుకార్డు రాశాడు మొన్న."

ఆగస్టులో అయోవా నుంచి డెల్బర్ట్ యోకమ్ అనే రైతు బోర్డులో రాశాడు: "వెర్లా గారూ, అక్కాచెల్లెళ్ళు బాగా మాట్లాడుకుంటున్నారా? బోర్డులో మీ ప్రశ్న చూశాక, జూన్‌లో మా చర్చిలో ఆర్లెటా కనబడితే మీ నంబరిచ్చాను. ప్రతి ఆదివారం భోంచేశాక చేస్తున్నానంది. మీరేమన్నారని అడిగితే మాత్రం మాట మార్చేసింది."

వెర్లా పట్టీ తిరగేసింది. ఏడు ఆదివారాలు. మొన్నటి ఆదివారం మాత్రం ఫోను లేదు.

"ఒక్క ఉత్తరం ముక్క రాస్తే నీ సొమ్మేం పోయిందే మహాతల్లీ!" అంది గట్టిగానే. ఇక చెయ్యదేమో. అక్క నంబరు పంపమని డెల్బర్ట్‌కి రాసింది. ఆ మహానుభావుడు బోర్డు చూసేది వారానికోసారి.

ఆదివారం మోడెం పీకేసి ఫోను ముందు కూర్చుంది. ఒంటిగంటన్నరకి మోగింది. "అక్కా!" అని ఎత్తితే చెవిలో కీచుమంటూ ఎవరిదో కంప్యూటరు. మళ్ళీ ఎత్తితే మళ్ళీ అదే.

"మీ ముత్తాతలు రేపటిదాకా ఎక్కడికీ పోరు!" అని ఆ యంత్రం మీద అరిచింది. లోరెన్ నవ్వాపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు.

రెండయింది. రెండుంబావు అయింది. పళ్ళెంలో నూడుల్స్ చల్లారిపోయాయి. రెండున్నరకి మోగితే తిట్టడానికి సిద్ధపడే ఎత్తింది.

"ఎవరూ?"

"ఇవాళ అరవడం లేదేమే?" అంది ఒక ముసలి గొంతు.

"నేనెప్పుడు అరిచానే అక్కా?"

"ఎత్తగానే కీచుమని ఒకటే అరుపాయె! ముప్ఫై మూడేళ్ళయినా నీ కోపం చల్లారలేదనుకున్నా."

"నేను కాదే మొద్దూ! అది మోడెం!"

"అతనెవరు? మీ ఆయన లోరెన్ కదూ?"

వెర్లాకి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. "అరుస్తున్నానని తెలిసీ మళ్ళీ మళ్ళీ ఎందుకు చేశావే?"

"పోయిన ఆదివారం లైనే కలవక హడలిపోయా. అరుస్తున్నావంటే బతికే ఉన్నావనేగా. అది చాల్లే అనుకుని పెట్టేసేదాన్ని."

ఆ రోజు నాలుగున్నర దాకా బోర్డు వాళ్ళెవరికీ లైను దొరకలేదు. వెర్లాకి బైబిల్ గుర్తొచ్చేసరికి సోమవారమైంది.