ఆదివారం తెరుచుకోని క్యాలెండర్

ప్రపంచానికంతటికీ ఆదివారం మూసేసిన ఘనత నాదే.

నేనూ మా బావా, అంటే మేనమామ కొడుకు, శ్రీకాకుళంలో చిన్నచిన్న వెబ్‌సైట్లు కట్టేవాళ్లం. ప్రతి సైటుకీ అవే బటన్లు, అదే తేదీల క్యాలెండర్ మళ్లీ రాయడం విసుగెత్తింది. అన్నిటినీ విడదీసి ఒక లైబ్రరీగా, అంటే ఏ సైటులోనైనా తగిలించుకునే కోడ్ మూటగా కూర్చి, ఎవరైనా ఉచితంగా వాడుకోండని ఇంటర్నెట్‌లో పెట్టాం. ఆరోజు ఇంట్లో స్వీట్లు పంచాం. తిన్నవాళ్లెవరూ ఎందుకని అడగలేదు.

అందులో పెట్టిన క్యాలెండర్ మాత్రం, సూర్యదేవుడి గుడి ఉన్న అరసవల్లిలో ఒక లాడ్జి సైటు కోసం చేసింది. ఆ యజమాని ముందే చెప్పాడు: "ఆదివారం ఆన్‌లైన్‌లో గదులు పెట్టకండ్రా బాబూ. గుడికొచ్చి గుమ్మంలో నిలబడ్డోలకే సాలవు." అందుకని ఆదివారాలు నొక్కినా కదలకుండా కోడ్‌లో ఒక లైను రాశాను. లైబ్రరీలోకి మార్చినప్పుడు ఆ లైనూ వెంట వచ్చేసింది. ఆదివారం గది దొరక్కపోవడం మాకు వింతగా తోచే విషయం కాదు.

కొన్నాళ్లకి, పరాయి దేశంలో కుక్కలకీ పిల్లులకీ ఉచితంగా వైద్యం చేసే ఒకావిడ మా లైబ్రరీ పేజీలో అందరికీ కనబడేలా రాసింది. వాళ్ల ఆస్పత్రి తెరిచేదే ఆదివారం. క్యాలెండర్‌లో ఆ ఒక్కరోజే పనిచెయ్యట్లేదు. తప్పు తనదేమోనని చాలాకాలం వెతుక్కుందట. చివర్లో మర్యాదగా అడిగింది: ఇది మీ మత నియమమా, అలాగైతే గౌరవిస్తాను.

తిట్టినా బాగుండేది.

మర్నాడే బావకి విశాఖపట్నంలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ. చూపించుకోవడానికి తనకున్నదల్లా ఈ లైబ్రరీయే.

"ఎవడూ సూడకముందే ఆవిడ రాసింది సెరిపేస్తాను బావా."

"ఏటి సెరిపేస్తావురా? ఆ కుక్కల రోగాలు కూడా సెరిపేస్తావేటి? ముందు ఆ లైను తియ్యి."

తీసి, కొత్త వెర్షన్ పెట్టాను. ఆవిడకి జవాబు బావే రాశాడు. లాడ్జి సంగతి చెప్పి, ఆ లైను తనే రాశానని, క్షమించమని.

"నేను రాసిందాన్ని నీదంటావేటి?"

"నీ మొకం సూడలేకపోతన్నాను. ఊరుకో."

ఊరుకున్నాను. ఆ పని నాకు బాగా వచ్చు.

అయితే ఏ లైను ఎవరు రాశారో ఆ పేజీలోనే పేరుతో సహా ఉంటుంది. ఇంటర్వ్యూలో అదే తెరిచారట. "ఇక్కడ పేరు వేరేవాళ్లది. మీరెందుకు మీదని రాశారు?"

"ఇద్దరం కలిసి సేసిందే కదండీ" అన్నాడట బావ. వాళ్లు నవ్వలేదట.

ఇది విన్న సాయంత్రం, బావ జవాబు కిందే, ఆ లైను నాదని రాశాను. ఆదివారాలు తెరుచుకున్నాయని, ఇద్దరికీ కృతజ్ఞతలని ఆవిడ రాసింది. ఆవిడకి లైను ఎవరిదైతే ఏం.

బావకి ఆ ఉద్యోగం రాలేదు.

"ఆళ్లకి కావలసిన పని ఏరేరా. నీ ఆదివారానికీ దీనికీ సంబంధం లేదు" అన్నాడు.

నేను అడగనే లేదు.