ఎనిమిది నెలల హాజరు

వజ్రపుకొత్తూరు దాటాక సముద్రం ఒడ్డునున్న ఆ పల్లెలో పరాయి భాష వచ్చినవాడంటే జైలుకెళ్ళొచ్చినవాడనే లెక్క. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. పోలారావు గుజరాత్ బోట్ల మీద పనికెళ్ళి, నీళ్ళ మీద కంటికి కనపడని గీత దాటి, పదమూడు నెలలు కరాచీ జైల్లో ఉండొచ్చాడు. అప్పట్నుంచి ఉర్దూ గడగడా మాట్లాడతాడు. ఎవరైనా కొత్త భాషలో రెండు ముక్కలంటే చాలు, అక్కడి ముసలమ్మలు ముందు అడిగే మాట ఒక్కటే: ‘‘ఎన్నాళ్ళున్నావు నాయినా లోపల?’’

అలాంటి పల్లె నుంచి డిగ్రీ దాకా వెళ్ళిన మొదటివాడు పోలారావు మేనల్లుడు తరుణ్. మొగుడు సముద్రంలో పోయాక వాడి తల్లి (ఆమె పేరే పెద్దతల్లి) పలాసలో ఎండుచేపలమ్మి వాణ్ణి చదివించింది. కొడుకు బోటెక్కకూడదు, అంతే ఆమె కోరిక. కానీ ఆ పల్లెకో కట్టుబాటుంది. బోటుకి ఒప్పుకున్న మనిషి జబ్బుపడితే వాడింట్లోంచి ఇంకో మగవాడు ఎక్కాల్సిందే. రెండో ఏడు సెలవుల్లో, వేట నిషేధం ఎత్తేసిన మొదటి వారంలో పోలారావుకి జ్వరం తగిలింది. ఆ ఇంట్లో ఇంకో మగవాడంటే తరుణే.

‘‘పది రోజుల్లో వొచ్చీస్తాడే, ఏటలగేడుత్తావు?’’ అని చెల్లెల్ని కసిరాడు పోలారావు.

పది రోజులు ఎనిమిది నెలలయ్యాయి. ఇంజను ఆగిపోయింది. గాలి వాళ్ళని ఈడ్చుకెళ్ళి బంగ్లాదేశ్ వాళ్ళ నీళ్ళలో పడేసింది. గాలికి సరిహద్దు తెలియదని చెబితే వినే కోర్టు ఏ దేశంలోనూ లేదు కదా!

విడిచిపెట్టాక తరుణ్ తిరిగొచ్చాడు. టెక్కలి రోడ్డులో ఉన్న వాడి కాలేజీ గేటుకి ఎంత పెద్ద ఫ్లెక్సీ కట్టారంటే, వాడి ముఖం కింద రెండు ఆటోలు నీడకి ఆగేవి. ప్రిన్సిపాల్ రమణమూర్తి శాలువా కప్పి, ‘మా తరుణ్’ అని కంటతడి పెట్టుకుని, ఫోటో దిగాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య! ఫ్లెక్సీ వర్షానికి చిరిగిపోయిన వారమే నోటీసు వచ్చింది. మిగతా సబ్జెక్టుల హాజరు ఎలాగో సర్దారు గానీ, విదేశీ భాష సబ్జెక్టులో తరుణ్‌కి హాజరు సున్నా. కాబట్టి డిగ్రీ రాదు.

విదేశీ భాష ఎక్కణ్ణుంచి ఊడిపడిందంటారా? ఆ ఏడాదే కాలేజీ పేరు ముందు ‘గ్లోబల్’ అని రాయించారు. రాయించాక ఊరికే కూర్చుంటే బాగుండదు కదా, ఫ్రెంచి తప్పనిసరి చేశారు. ఫ్రెంచి చెప్పేవాడు ఈ చుట్టుపక్కల దొరక్కపోతే, ఇరవై రెండేళ్ళుగా తెలుగు చెబుతున్న తారకేశ్వరరావుని పిలిచి, ‘‘భాషే కదండీ, ఏ భాషైతేనేం’’ అన్నారు. కాదంటే ఉద్యోగం ఊడుతుంది. పాపం, ఆయన ఫోనులో చూసి నలభై వాక్యాలు కంఠతా పట్టి, వాటికే ప్రతిపదార్థ తాత్పర్యాలు చెప్పిస్తూ ఏడాది లాక్కొచ్చాడు.

క్లాసుకి రానివాళ్ళకి వేరే దారులు కూడా నోటీసు బోర్డు మీద పెట్టారు. ఆన్‌లైన్ కోర్సు చేసి సర్టిఫికెట్ తేవచ్చు. తరుణ్ స్నేహితుడు యువరాజు అలాగే వీడియో నడిపించి, ఫోను ఛార్జింగుకి పెట్టి, తాను క్రికెట్టాడుకుని జర్మన్‌లో పండితుడైపోయాడు. దానికి గడువు దాటిపోయింది. లేదంటే మౌఖిక పరీక్షకి కూర్చోవాలి. అదీ కాకపోతే, ఆరు నెలలకి తగ్గకుండా విదేశంలో ఉండి అక్కడి భాష నేర్చుకుంటే మినహాయింపు ఇస్తారు. ఆ చివరి ముక్క చదివి, జైల్లో బెంగాలీ నేర్చుకొచ్చిన తరుణ్‌కి ప్రాణం లేచొచ్చింది. దగ్గర్లో కడుతున్న పోర్టులో వాడికి ఉద్యోగం ఖాయమైంది, నెలాఖరుకి డిగ్రీ చూపించాలి. చూపించకపోతే మళ్ళీ బోటే గతి.

జైలు విడుదల కాగితం పట్టుకుని ప్రిన్సిపాల్ గదికెళ్ళాడు.

‘‘అక్కడ ఏ సంస్థలో నేర్చుకున్నావు?’’ అన్నాడు రమణమూర్తి.

‘‘సంస్థ కాదు సార్, జైలు.’’

‘‘గుర్తింపు ఉందా?’’

‘‘గవర్నమెంటుదే సార్.’’

‘‘మరి హాజరు?’’

‘‘రోజుకి మూడుసార్లు లెక్కెట్టీవోరు సార్. ఎనిమిది నెలల్లో ఒక్క పూటా ఆబ్సెంటు నేదు.’’

రమణమూర్తి జేబులోంచి పదిరూపాయల నోటు తీసి బల్ల మీద పరిచాడు. ‘‘ఇది చూడు. బెంగాలీ మన నోటు మీదే ఉంది. మన దేశపు భాష విదేశీ భాష ఎలా అవుతుందయ్యా?’’

తరుణ్ నోటు మీది బెంగాలీ అక్షరాల మీద వేలు పెట్టాడు. ‘‘మన బాసే అయితే, పరాయి దేశపోడివని నన్నెందుకు లోనేసినారు సార్?’’

‘‘అది విదేశాంగ శాఖ వారి సబ్జెక్టు. మన సిలబస్‌లో లేదు’’ అని నోటు మడిచి జేబులో పెట్టుకున్నాడు ప్రిన్సిపాల్.

మిగిలింది మౌఖిక పరీక్ష. ఫ్రెంచిలో ఐదు నిమిషాలు మాట్లాడాలి. తరుణ్ తారకేశ్వరరావు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

‘‘నాకు ఫ్రెంచి రాదు సార్.’’

‘‘నాకూ రాదు నాయనా. ఆ తలుపు వెయ్యి.’’

తరుణ్ తలుపు వేశాడు.

‘‘నీకొచ్చింది మాట్లాడు. ఐదు నిమిషాలు ఆపకూడదు, వరండాలో వినపడాలి’’ అన్నాడాయన.

తరుణ్ బెంగాలీలో మొదలెట్టాడు. ఇంజను ఆగిన రాత్రి గురించి, అదే గదిలో ఉంటూ గోడ మీద చేపముల్లుతో అక్షరాలు గీసి నేర్పిన ముసలి జాలరి గురించి, పండగనాడు తన ఇంటి నుంచి తల్లి వండిన అన్నం తెచ్చి కమ్మీల్లోంచి అందించిన కాపలావాడి గురించి చెప్పుకుపోయాడు. తారకేశ్వరరావుకి అందులో సముద్రం, ఆకాశం, నౌక, అమ్మ అనే మాటలు మాత్రమే అందాయి. అవే సరిపోయాయి. ఇరవై రెండేళ్ళలో ఒక విద్యార్థి తన ముందు గైడు పుస్తకంలో లేని మాట మాట్లాడ్డం ఆయన వినడం అదే మొదటిసారి. ఐదు నిమిషాలు పదిహేనైనా ఆపమనలేదు. కళ్ళజోడు తుడుచుకుని, కాగితం మీద ‘ఫ్రెంచి, ప్రథమ శ్రేణి’ అని రాసి సంతకం పెట్టాడు.

సర్టిఫికెట్ రంగురంగుల అంచుతో వచ్చింది. సోమవారం పోర్టులో చేరాలి. తరుణ్ ఎగురుకుంటూ ఇంటికెళ్ళి, ఎండుచేపలు గంపకెత్తుతున్న తల్లికి చూపించాడు.

‘‘ఏటిరా ఇది?’’

‘‘ఫ్రెంచి బాసలో ఫస్టు క్లాసు వొచ్చిందని రాసినారమ్మా.’’

‘‘అదెక్కడి బాస?’’

‘‘ఫ్రాన్సని ఒక దేశముంది. సానా దూరం.’’

పెద్దతల్లి చేతిలో గంప అక్కడే జారిపోయింది. కొడుకు మణికట్టు గట్టిగా పట్టుకుంది. ‘‘ఓలమ్మో! ఆళ్ళు కూడా పట్టుకున్నారేటిరా నిన్ను? నాతో సెప్పనేదేటి? ఎన్నాళ్ళుంచినారు నాయినా?’’

‘‘నేదమ్మా, నాను ఆ దేశమే ఎల్లనేదు.’’

ఆమె వాడి ముఖంలోకి చూసింది, కాగితం వంక చూసింది, మళ్ళీ వాడి ముఖంలోకి చూసింది.

‘‘ఎల్లకుండా, ఆళ్ళ మనిసినొకర్ని సూడకుండా, బాస ఎలగొచ్చిందిరా?’’