కుక్క రాయికి ముగ్గురు సాక్షులు

పలమనేరు దగ్గర మా ఊళ్ళో పాల కేంద్రం ముందు పొద్దున్నే క్యాన్లతో వరసలో నిలబడేవాళ్ళం. పాల లెక్క రాసేటాయన ప్రతి క్యాన్‌లో గాజు గొట్టం ముంచి నీళ్ళు కలిపామేమో చూసేవాడు. నేను చెప్పే కథల్లో మాత్రం గొట్టం ముంచి చూసినవాడు ఎవడూ లేడు. ఒకరోజు ఆ వరసలోనే, పొలం గట్టున వీరుడి బొమ్మ చెక్కి ఉన్న పాత వీరగల్లు మీద ఒక కథ వదిలాను. చిరుతతో పోరాడి, యజమానిని బతికించి చచ్చిన కుక్కకు నిలబెట్టిన రాయి అది అని. రాతి మీద మనిషి కాళ్ళ దగ్గర ఏదో జంతువు అరిగిపోయి ఉండేది. నాకు అది చాలు.

తొంభైల చివర్లో తిరుపతి నుంచి, ఇలాంటి రాళ్ళ మీద పరిశోధన చేసే అమ్మాయి వచ్చింది. అడిగితే చెప్పాను. చిరుత పొడవు ఇంకో మూర పెంచాను కూడా. తెలివైనదే, ఒక్కడి మాట నమ్మకూడదని పాలు రాసేటాయన్ని, టీ బంకాయన్ని, మేకలాయన్ని విడివిడిగా అడిగింది. ముగ్గురూ కుక్కే అన్నారు. ఇక నిజమేనని రాసుకుంది. ఆ ముగ్గురూ నా నోటి నుంచే విన్నారని నేను చెప్పలేదు. చెబితే సరదా చెడిపోదూ!

ఏడాదికి మళ్ళీ వచ్చింది.

"వాళ్ళకెవరు చెప్పినారని పరీక్షకొచ్చిన సారు అడిగినాడన్నా. ఇప్పుడు ముగ్గుర్నీ అడిగొచ్చినా. ముగ్గురూ నిన్నే చూపిస్తా ఉండారు."

"ఏదో తమాషాకు అంటిని పాపా."

"నీకు తమాషా. నాకు నాలుగేండ్ల కష్టం. నా పరిశోధన పుస్తకం మొత్తం వెనక్కి పంపినారు."

అప్పుడు మా అవ్వ చెప్పిన మాట చెప్పాను. కరువుకు ఊరు ఖాళీ అయితే, ఒక్కడు మాత్రం కదలకుండా, వదిలేసిపోయిన గొడ్లకు బావినీళ్ళు తోడి తోడి చచ్చిపోయాడట. ఆ రాయి అతనిదేనట, కాళ్ళ దగ్గరిది దూడ. చిరుత లేని కథ గనక ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

ఆమె పెన్ను తీసింది. "ఇది ఇంకెవురన్నా చెప్తారా అన్నా?"

అవ్వ పోయి అప్పటికే పదేళ్ళు. ఊరంతా ఆ రాయికి శుక్రవారం కర్పూరం వెలిగిస్తోంది, కుక్కకే.

"లేదు పాపా. నేనొక్కడినే."

"నీ ఒక్కడి మాట ఎట్ల రాసేది?"

పెన్నుకు మూత పెట్టి లేచింది. మా రాయిని తీసేసి పుస్తకం ఇచ్చుకుందని, పట్టా వచ్చిందని తర్వాత విన్నాను.

నేనిప్పుడు ఆ నీళ్ళు తోడినవాడి సంగతి ఎత్తితే, బంకాయన నవ్వుతాడు. "సాల్లేబ్బా నీ కతలు! అది కుక్కని మాకు తెల్దా?"