టెన్నిస్ కోర్టులో మిరప కల్లం

ఏన్కూరు దాటి కొత్తగూడెం వైపు వెళ్తుంటే, పొలాలు అయిపోయి టేకు చెట్లు మొదలయ్యే చోట, గుట్ట కింద ఒక ఎడారి ఉంది. అది దేవుడు చేసింది కాదు. ఒక రియల్ ఎస్టేటు పెద్దమనిషి చేయించింది. ఆయన ఒకసారి దుబాయి వెళ్ళొచ్చారు. వచ్చాక, మన జిల్లాలో అన్నీ ఉన్నాయి గాని ఎడారి లేదే అని ఆయనకు బాధ కలిగినట్టుంది. ఉన్న మామిడి తోట కొట్టించి, బూర్గంపాడు వైపు నుంచి లారీల మీద గోదావరి ఇసుక తెప్పించి దిబ్బలు పోయించారు. మా ఊళ్ళలో కంచెల పక్కన నరికి పారేసే బ్రహ్మజెముడును నర్సరీలో కొనుక్కొచ్చి కుండీల్లో పెట్టించారు. ఇళ్ళకు గుమ్మటాలు కట్టించారు. గేటు దగ్గర ఫైబర్ ఒంటెను నిలబెట్టారు. వానాకాలంలో ఇసుక కొట్టుకుపోయి రోడ్డెక్కుతుంది, ఒంటె మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడుతుంది. ఆ నాలుగు నెలలు మా ఎడారికి సెలవు.

గుట్ట అవతలి గూడెం వాళ్ళు మా ప్రహరీ పక్క దారినే సంతకు పోతారు. మొదటి ఏడాది అందులో ఒకాయన గోడ మీంచి చూసి మా కాపలాదారును అడిగాడట: "ఇల్లు కట్టుడు ఇంక కాలేదా? ఇసుక గట్లనే ఉన్నది." ఇప్పుడు అడగడం మానేశారు. డబ్బులు చాలక ఆపేశారనుకుంటున్నట్టున్నారు.

మేం ఖమ్మంలో ఉంటాం. నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. మావారికి కోల్డ్ స్టోరేజీ ఉంది, అందులో ఉండేది మిర్చి. గుమ్మటాల ఇల్లు ఒకటి కొందామన్నది ఆయనే. శనివారం పొద్దున అందరం కార్లలో దిగుతాం. దిబ్బల మీద నడక ఉంటుంది. ఆ దిబ్బల చుట్టూ ఎన్నిసార్లు తిరిగినా ఖమ్మం కోట చుట్టూ ఒక్కసారి తిరిగినంత కాదు. తర్వాత అల్పాహారం పేరుతో భోజనం, భోజనం పేరుతో నిద్ర. సాయంత్రం 'ఎడారి సంధ్య': తెల్ల బట్టలు, ఇసుకలో పరుపులు, మధ్యలో రాళ్ళు పేర్చిన గుంటలో మంట, ఎవరిదో కీబోర్డు. ఆదివారం మధ్యాహ్నానికి అందరికీ సోమవారం గుర్తొచ్చి మొహాలు వేలాడేసుకుని వెళ్ళిపోతారు. వారమంతా అక్కడ నిలకడగా ఉండేది ముగ్గురే: కాపలాదారు, ఒంటె, మా అత్తమ్మ.

అత్తమ్మకు ఖమ్మం అపార్టుమెంటు పడదు. ఆమె ఊరు మా ఎడారికి దగ్గర, అక్కడి పాత ఇల్లు కూలిపోయింది. చేను కౌలుకిచ్చినా, ఇంటి కారానికని అందులో ఒక చిన్న చెక్క మాత్రం తన చేతిలో ఉంచుకుంది. ఆ చెక్కలో కాసిన కాయతోనే మా ఇంటికీ, ఇద్దరు ఆడపడుచుల ఇళ్ళకూ ఏడాది పొడుగునా కారం. బజారు కారం మా ఇంట్లోకి వస్తే ఆమె దాన్ని చుట్టం కాని మనిషిని చూసినట్టు చూస్తుంది.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ ఎడారిలో గుమ్మటం ఉన్న ప్రతి కుటుంబమూ ఏదో రకంగా మిరప మీద బతికినదే. పండించినవాళ్ళు, కమీషన్ వ్యాపారం చేసినవాళ్ళు, పురుగు మందులు అమ్మినవాళ్ళు. మా గుమ్మటాల యజమానుల సంఘం అధ్యక్షుడు మిర్చి ఎగుమతిదారు. కళ్ళకు గంతలు కట్టినా కాయ చేతిలో పెడితే రకం చెప్పేస్తాడని మార్కెట్టులో పేరు. కాని శని, ఆదివారాల్లో ఆ మాట ఎత్తకూడదు. వారమంతా ముక్కులో పడిన ఘాటును మరిచిపోవడానికే కదా ఇంత ఇసుక పోయించింది.

పోయిన ఏడాది కాయ కోతకొచ్చాక అత్తమ్మ ఆటోలో బస్తాలు తెచ్చి ఎడారి ఇంట్లో దించుకుంది. పచ్చిమీద ఉన్న పండుకాయ. పలచగా పరిచి రోజూ తిరగేస్తూ ఎండబెట్టాలి, రాత్రి మంచు పడకుండా కుప్ప చేసి పట్టా కప్పాలి. మధ్యలో ఎత్తి బస్తాల్లో కుక్కితే బూజు పట్టి నల్లబడుతుంది, ఇక ఆ ఏడాది కారం లేనట్టే. ఎక్కడ పరవాలి? ఇంటి ముందు ఇసుక. మిద్దె మీద గుమ్మటం. ఎడారి ఇంటికి అన్నీ ఉంటాయి, చదునైన కప్పు తప్ప. ఆవరణంతా వెతికితే గట్టిగా, శుభ్రంగా, పొద్దస్తమానం ఎండ పడే జాగా ఒకటే కనిపించింది. అది టెన్నిస్ కోర్టు. అక్కడ టెన్నిస్ ఆడినవాళ్ళను నేనింతవరకు చూడలేదు. బ్యాటు పట్టుకుని ఫొటో దిగినవాళ్ళను చూశాను.

శనివారం మేం వెళ్ళేసరికి నెట్టుకు అటూ ఇటూ కోర్టంతా ఎర్రగా ఉంది. అత్తమ్మ నెట్టును మడిచి పక్కన పెట్టలేదు, దాని మీద తన తువాలు ఆరేసింది. ఒక మూలన రంగు పోయిన తాలు కాయలు ఏరి వేరే కుప్ప పోసింది.

అధ్యక్షుడు అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు. తెల్ల బట్టలు.

"పెద్దమ్మా, ఇది ఆటలు ఆడుకునే చోటు."

"ఆడుకో పిలగా. నేనేమన్న వద్దన్ననా?"

"ఎక్కడ ఆడాలి? కాయలున్నాయి కదా."

"పక్కపొంటి ఆడుకో. తొక్కకు గని."

"సాయంత్రం హైదరాబాదు నుంచి వాళ్ళొస్తున్నారు, రెండో దశ ఇళ్ళు చూడటానికి. వాళ్ళకు ఇది కనపడితే ఏమనుకుంటారు చెప్పు. నాలుగింటికల్లా తీసేయించు."

"ఏంది తీసేది? ఈయాల్టిది గాక ఇంక రెండెండలు గావాలె. ఇప్పుడు ఎత్తితే నల్లగైతది. మీ అయ్య నీకు గిదే నేర్పిండా?"

వాళ్ళ నాన్నను ఆమె ఎరుగును. ఆయన కల్లంలో గోనె పట్టా పరుచుకుని పడుకునే రోజులు కూడా ఎరుగును. అధ్యక్షుడు నావైపు తిరిగాడు.

"మేడం, మీరైనా చెప్పండి. మీరు చదువుకున్నవారు."

"అందుకే చెప్పలేకపోతున్నానండి" అన్నాను.

ఆయన వెళ్ళి సంఘం వాట్సాప్ గుంపులో పెట్టాడు: ఉమ్మడి ఆస్తిని సొంత వ్యవసాయానికి వాడుకోవడం నిబంధనలకు విరుద్ధం, సాయంత్రం నాలుగులోగా ఖాళీ చేయనిచో వారం మధ్యలో పెద్దలను ఇక్కడ ఉంచే విషయం పునరాలోచించవలసి వస్తుంది. కింద వరసగా బొటనవేళ్ళు. అందులో ఒకటి మావారిది. అలవాటుగా నొక్కేశానని తర్వాత చెప్పారు.

నేనెప్పుడూ ఆ గుంపులో ఏమీ రాయను, పండగ శుభాకాంక్షలు కూడా. ఆ రోజు రాశాను: "టెన్నిస్ కోర్టు సభ్యుల శారీరక వ్యాయామం కోసమని నిబంధనల్లో ఉంది. మా అత్తమ్మ తెల్లవారినప్పటి నుంచి వంగుతూ లేస్తూ ఉంది. ఈ వారం కోర్టును దాని అసలు ఉద్దేశానికి వాడుకుంటున్నది ఆమె ఒక్కతే. కాయలు ఎండేవరకు తీయం." తర్వాత కుర్చీ ఒకటి తెచ్చి కోర్టు అంచున వేసుకుని, పరీక్ష పేపర్లు దిద్దుతూ కూర్చున్నాను. ఎవరైనా చెయ్యి వేస్తే ఏం చేస్తానో నాకూ తెలియదు. మహా అయితే మార్కులు తగ్గిస్తాను.

మావారు ఒకసారి వచ్చి నీడలో నిలబడ్డారు. "ఆయనతో నాకు వ్యాపారం ఉంది" అన్నారు.

"మీ అమ్మతో మీకు ఏముంది?" అన్నాను.

ఆయన చెప్పులు విడిచి, కోర్టులోకి దిగి, కాలితో కాయ తిరగేయడం మొదలుపెట్టారు. చిన్నప్పటి పని. కాళ్ళు మరిచిపోలేదు.

మధ్యాహ్నం అత్తమ్మా నేనూ అన్నం తినడానికి లోపలికి వెళ్ళాం. మావారిని కాపలా పెట్టాం. ఆయన కాపలా కాస్తూ నిద్రపోయారు. ఆ సందులో అధ్యక్షుడు వచ్చాడు. మంచి కాయ జోలికి పోలేదు, నా మెసేజీకి అంత మర్యాదైతే దక్కింది. కాని సాయంత్రానికి కోర్టు మూలలైనా శుభ్రంగా కనిపించాలి కదా. వెనకాల వస్తున్న పనివాళ్ళకు, ఫోను మాట్లాడుతూనే, చేత్తో చూపించాడట: "ఆ మూలనున్న చెత్తంతా ఎత్తి మంట గుంటలో వేసేయండి. సాయంత్రం కాలిపోతుంది." వాళ్ళు వేశారు. పైన ఎండు కొమ్మలు పేర్చారు.

కళ్ళు మూసుకుని రకం చెప్పే మనిషి, కళ్ళు తెరుచుకుని తాలును చెత్త అనుకున్నాడు. శనివారం మిర్చి వంక చూడడు మరి.

మేం తిరిగి వచ్చేసరికి మూల ఖాళీ. "నా తాలేదిరా?" అని అత్తమ్మ కొడుకును లేపి అడిగింది. ఆయనకు నిద్రలో కనపడలేదు. గుంటలో పడిందని మాలో ఎవరికీ తట్టలేదు, కుప్పెడు మిరపకాయలను మంటలో వేసే మనిషి ఈ జిల్లాలో ఉంటాడని ఎవరనుకుంటారు?

పొద్దు గూకుతుండగా హైదరాబాదు వాళ్ళు వచ్చారు, నాలుగు కుటుంబాలు. పరుపుల మీద కూర్చున్నారు. కీబోర్డు మీద ఎవరో రాజస్థానీ పాటలాంటిది వాయిస్తున్నారు. అధ్యక్షుడు లేచి, "ఇక్కడి గాలి ప్రత్యేకం, ఊపిరితిత్తులకు మంచిది" అంటూ మంట అంటించాడు.

కొమ్మలు అంటుకునేవరకు బాగానే ఉంది. ఆ తర్వాత ఎవరో ఒకరు చిన్నగా దగ్గారు. మర్యాదగల దగ్గు. పక్కన కూర్చున్నావిడ దగ్గింది. తర్వాత అందరూ. కీబోర్డు ఒక స్వరం మీద ఆగిపోయింది, వాయించే ఆయన తల దాని మీద వాల్చి తుమ్ముతున్నాడు. తెల్ల చున్నీలు ముక్కులకు చేరాయి. పిల్లలు ఏడుస్తూ దిబ్బలెక్కారు, గాలి కూడా వాళ్ళ వెనకే ఎక్కింది. హైదరాబాదు వాళ్ళ కార్లు ఒకటొకటిగా స్టార్టయ్యాయి. ఎవరూ ఎవరికీ వెళ్ళొస్తామని చెప్పలేదు, నోరు తెరిచే పరిస్థితి లేదు.

అత్తమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుంట దాకా వెళ్ళి వంగి చూసింది. చూసి మెల్లగా నిటారుగా నిలబడింది. మా వైపు పిల్లలకు దిష్టి తీస్తే ఎండుమిరపకాయలు తిప్పి నిప్పులో వేస్తాం. ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు, వస్తే ఏమీ లేనట్టు లెక్క.

"మంచిగయింది పిలగా" అంది అధ్యక్షుడితో. "అందరికీ ఒక్కపాలి తీసినవ్. గింత ఘాటొచ్చిందంటే దిష్టి ఏం లేదు మీకు. మిమ్ముల జూసి ఎవ్వలూ కుళ్ళుకుంటలేరు."

ఆ మాటకు నవ్వాల్సింది నేనే, దగ్గు వల్ల కుదరలేదు. అధ్యక్షుడు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి ఉన్నాడు. కళ్ళ నుంచి నీళ్ళు. ముక్కు ఎగబీల్చాడు, ఇంకోసారి ఎగబీల్చాడు. అంత బాధలోనూ వృత్తి ఊరుకోలేదు.

"తేజ రకం కదా పెద్దమ్మా?" అన్నాడు.

"అవ్" అంది అత్తమ్మ. "తాలే గిట్లుంటే కాయెట్లుంటదో సూస్కో."

ఆదివారం పొద్దున కొత్త నిబంధన వచ్చింది. మిరపకాయలు గాని, తత్సంబంధిత ఉత్పత్తులు గాని ఉమ్మడి ఆవరణలో ఎండబెట్టుట, నిల్వచేయుట, కాల్చుట నిషేధం. 'కాల్చుట' మేం చేసిన పని కాదని గుంపులో రాశాను, ఎవరూ బొటనవేలు పెట్టలేదు. కాగితం ప్రింటు తీసి ప్లాస్టిక్ కవరులో పెట్టి గేటు దగ్గర ఒంటె మెడకు వేలాడదీశారు. చదవడానికి ఎత్తు సరిపోతుందని కాబోలు.

ఆదివారం ఎండకు కాయ ముప్పాతిక దారిలో ఉంది. ఇంకొక ఎండ కావాలి. మధ్యాహ్నం కార్లన్నీ ఖమ్మం దారి పట్టాయి. మావారు తాళాలు చేతిలో పట్టుకుని నావైపు చూశారు.

"మీరు వెళ్ళండి. నేను రేపు సెలవు పెడుతున్నా" అన్నాను.

"కారణం ఏం రాస్తావు?"

"వ్యవసాయం."

సోమవారం ఆ ఎడారిలో అత్తమ్మా నేనూ కాయ తిరగేశాం. కాపలాదారు నీళ్ళు తెచ్చిచ్చి, తనేమీ చూడలేదని ముందే చెప్పాడు. పొద్దు వాలాక అత్తమ్మ ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించింది. గింజ గలగలమంది. నా చెవి దగ్గర కూడా ఆడించింది. ఆ రాత్రి బస్తాలు మా గుమ్మటం కింద పడుకున్నాయి, ఒక్కటి కూడా నల్లబడలేదు.

మరుసటి శనివారం అధ్యక్షుడి భార్య వెనక గుమ్మం నుంచి వచ్చింది. చేతిలో స్టీలు డబ్బా.

"అత్తయ్యా, కారం పట్టించినప్పుడు కొంచెం... ఆయన ఆ రోజు నుంచి ఆ వాసన గురించే చెబుతున్నారు. బజారు కారం వేస్తే కంచం జరిపేస్తున్నారు."

అత్తమ్మ డబ్బా అందుకుంది, మూత తీసి చూసింది, పెద్దదే తెచ్చింది.

"ఈడ ఎండబెట్టొద్దన్నరు గదమ్మా. తినొచ్చునా మరి?"

ఆవిడ డబ్బా కోసం చెయ్యి చాచింది.

"ముందుగల ఒంటె మెడల ఆ కాగితం తీపియ్యి. డబ్బా ఈడనే ఉంటది, యాడికి పోదు."

డబ్బా ఇప్పటికీ మా వంటింటి అలమారలో ఖాళీగా ఉంది. కాగితం ఒంటె మెడలో ఉంది. వానలకు అక్షరాలు కారిపోయి 'నిషేధం' ఒక్కటే మిగిలింది, ఏది నిషేధమో ఇప్పుడు ఒంటెకే తెలియాలి. మొన్న బుధవారం ఈ ఏటి కాయ దిగింది. అత్తమ్మ ఫోను చేసి చెప్పింది, కోర్టు ఊడ్చిందట, నెట్టు మీద తువాలు ఆరేసిందట. నాలుగు రోజులు సెలవు పెట్టాను. కారణం దగ్గర పోయినేడాది రాసిందే రాశాను.