పిడికెడు ఆఫ్రికా బెరడు

జాకెట్లు బిగుతుగా కుట్టి నేను తిన్న తిట్లకు లెక్కలేదు. అవన్నీ చిల్లర తప్పులు. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం కొంప ముంచినది. మీరు హాయిగా నవ్వుకోండి. నాకే ఇన్నేళ్లుగా నవ్వు రావడం లేదు.

పోలీసు చర్య జరిగిన ఏడాది మెదక్‌లో నేను పాతికేళ్ల దర్జీని. పెళ్లయి ఆరేళ్లు. ఆలు ఉంది, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమని మా అమ్మ మాత్రం ఎప్పుడో తేల్చేసింది.

"దసరా దాక చూస్త, గంతే. శివమ్మను ఎల్దుర్తిల తల్లిగారింట్ల దింపొచ్చి పాపన్నపేట పిల్లను చేసుకో" అంది.

లోపం నా భార్య శివమ్మదేనని అమ్మ తీర్పు. నా సంగతేమిటో నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను. చెబితే మగతనం పోతుందని భయం, అక్కడేదో మిగిలి ఉన్నట్టు!

పక్కింటి జబ్బార్ భాయ్ బర్మా యుద్ధంలో మిలిటరీ లారీ నడిపి వచ్చినవాడు. అక్కడ పడమటి ఆఫ్రికా సిపాయిలతో దోస్తీ కుదిరింది. వాళ్లలో ఒకడు తమ దేశపు చెట్టు బెరడు ఇచ్చాడు. మగవాళ్ల బలానికి అక్కడ తాతల నాటి నుంచీ అదే మందట. సిగ్గు చంపుకొని అడిగాను.

"తీస్కపో. నాకు ఏడుగురు పిల్లలు, నేనేం జేసుకుంట?" అన్నాడు. "జర చిటికెడే. ఎక్కువ తాగినవనుకో, గుండె గుర్రమోలె ఉరుకుతది."

"ఎవలికి చెప్పకు భాయ్."

"అల్లా కసం. చస్త గని చెప్ప."

బెరడు దంచి, శివమ్మ రవికలో మిగిలిన ఎర్రంచు గుడ్డలో మూట కట్టాను. చిటికెడుకే అంత బలమైతే పిడికెడుకు ఎంత? ఊరందరికీ కొలతలు తీసేవాణ్ణి, నా దగ్గరికి వచ్చేసరికి టేపు పారేశాను. పొద్దున్నే పిడికెడు కాచి తాగి, మిగిలింది మొలలో దోపుకున్నాను.

ఆ రోజే ఇండియన్ యూనియన్ సైన్యం ఊళ్లోకి వచ్చింది.

రజాకార్లెవరో, కమ్యూనిస్టులెవరో తేల్చాలని మగవాళ్లందరినీ బజారులో వరసగా నిలబెట్టారు. అందరూ భయంతో వణుకుతున్నారు, నేను బెరడుతో. కళ్లు ఎర్రబడ్డాయి, చెమట ధారలు కడుతోంది, గుండె కుట్టుమిషనులా కొట్టుకుంటోంది. ఆఫీసరు నేరుగా నా దగ్గరికే వచ్చాడు. వెతికితే మూట దొరికింది.

"క్యా హై యే? జహర్?"

బావిలో కలపడానికి తెచ్చిన విషమనుకున్నాడు. నా మందని ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ వరసలో మా మేనమామ ఉన్నాడు, ఎదుటి అరుగుల మీద ఆడవాళ్లున్నారు.

"నాది గాదు సార్! జబ్బార్‌ది. దాచిపెట్టుమన్నడు. ఏందో నాకు తెల్వది!"

ఆ రోజుల్లో ఆ పేరున్న మనిషి మీద అలాంటి మాట వేస్తే ఏమవుతుందో నాకు తెలియక కాదు. తెలిసే అన్నాను.

జబ్బార్ భాయ్‌ని ముందుకు లాగి తుపాకి మడమతో ఒకటి వేశారు. ఆయన నా వైపు చూశాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

"నాదే హుజూర్. మగవాళ్ల దవా" అన్నాడు.

"బచ్చే కిత్నే?"

"సాత్."

సిపాయిలు పొట్టలు పట్టుకుని నవ్వారు. విషం కాదని రుజువు చూపమన్నారు. ఆయన పెదవి మీది నెత్తురు తుడుచుకుని పొడి మొత్తం నోట్లో పోసుకున్నాడు. వదిలేశారు. మూడు రోజులు మంచంలో గిలగిల కొట్టుకున్నాడు. ఊరు మాత్రం ఆయన పోయేదాకా బెరడు జబ్బార్ అనే పిలిచింది.

నేను ఇంటికి వచ్చేసరికి, అరుగు మీంచి అంతా చూసిన శివమ్మ, సిపాయిలు పారేసిన గుడ్డను తెచ్చి నా మిషను మీద పరిచి కూర్చుంది.

"నా రవిక గుడ్డ జబ్బార్ భాయ్ ఇంట్లకు ఎట్ల పోయింది?"

నేను గుడ్డ మడత పెట్టబోతే చెయ్యి తోసేసింది.

"అత్త గొడ్రాలంటే ఆరేండ్లు పడ్డ. ఇంక గూడ పడుదును. గని నీకు తక్కువైంది నువ్వనుకున్నది గాదు. దానికి ఏ దేశంల బెరడు దొరకది."

దసరా దాకా ఆగలేదు. ఎవరూ దింపే అవసరం లేకుండా తనే ఎల్దుర్తి బస్సెక్కింది.

కాబట్టి అయ్యలారా, నా కత్తెర మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట ఏ మందైనా చిటికెడుకు మించి తాగను. ఎవరిదని అడిగితే గుండె మీద చెయ్యి వేసుకుని నాదేనంటాను. అడిగేవాళ్లే లేరు.