మరక కనబడని బట్ట

నా బిడ్డ ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు వరుసగా మూడు నెలలు, నెలకు నాలుగేసి రోజులు బడి మానేసింది. బిడ్డకు జ్వరమని మా ఆయనతో చెప్పేవాళ్ళం. జ్వరం కాదు. నెలసరి వచ్చిందంటే తొడల మధ్య చర్మం ఎర్రగా పొంగి, అడుగు వేస్తే మండేది. మెడికల్ షాపు అతను నల్ల కవర్లో చుట్టి ఇచ్చే ప్యాడ్లు వాడేవాళ్ళం. ప్యాకెట్ విప్పగానే మల్లెపూల సెంటు గుప్పుమనేది. నాకు కూడా ఆ మంట ఇరవై ఏళ్ళుగా ఉంది. నెలసరి అంటే అదీ ఒక భాగమే అనుకుని ఊరుకున్నాను. బిడ్డ ఊరుకోలేదు, ఏడ్చింది.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో పనిచేస్తాను. పొద్దంతా నిలబడే ఉండాలి. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా ఎల్బీనగర్‌లో మేము కిరాయికుండే ఇంటి దగ్గరి చిన్న గ్రంథాలయంలోనే. మంగళవారం నాకు సెలవు. పోటీ పరీక్షల పిల్లల మధ్య చీర కట్టుకుని కూర్చునే మనిషిని నేనొక్కదాన్నే. దుకాణంలో ఎవరికి ఏ అనుమానం వచ్చినా నన్నే అడిగేవాళ్ళు. 'లైబ్రరీ మేడమ్' అని ఎగతాళి చేసినా లోపల సంతోషంగానే ఉండేది.

బిడ్డ మూడోసారి బడి మానేసిన వారం, స్త్రీల ఆరోగ్యం మీద ఒక పుస్తకం దొరికింది. ప్యాడ్లలో వాసన కోసం కలిపేవి కొందరి ఒంటికి పడవని, కింది ప్లాస్టిక్ పొర వల్ల గాలి ఆడదని రాశారు. మెత్తటి నూలు బట్టను శుభ్రంగా వాడుకోవచ్చని కూడా ఉంది. నూలు అన్న మాట దగ్గర నా చూపు ఆగింది. మా పుట్టింటివాళ్ళది పోచంపల్లి దగ్గరి ఊరు, మగ్గం ఇల్లు. నూలు గురించి మాకు ఇంకొకరు చెప్పాలా?

ఇంటికొచ్చి పెట్టె తెరిచాను. అమ్మ ఎప్పుడో ఇచ్చిన కొత్త బట్ట ముక్కలు ఉన్నాయి. వాటిలోంచి ముదురు ఎరుపువే ఏరాను. ఎందుకో ఏ ఆడమనిషికైనా తెలుసు. మరక కనబడదు. తీగ మీద వేస్తే జాకెట్ ముక్క అనుకుంటారు. నాలుగు మడతలు పెట్టి, అంచులు కుట్టి బిడ్డకు ఇచ్చాను.

"గీ గుడ్డముక్కలు పెట్టుకోవాల్నా నేను?"

"గుడ్డముక్కలు గాదే, మీ అమ్మమ్మ నేసిన బట్ట. అచ్చమైన నూలు. పుస్తకంల రాసిన్రు."

"నా గురించి గూడ రాసిన్రా గా పుస్తకంల?"

ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. తర్వాతి నెల అవే పెట్టుకుంది. రెండో రోజుకు మంట ఎక్కువైంది. కొత్తది కదా, అలవాటైతది అన్నాను. ఆ మాట నేనే అన్నాను. వాడినవి ఉతికి, మేడ మీద నా చీర కింద కనబడకుండా ఆరేశాను. అవి సగం తడిగానే ఉండేవి. మూడో రోజు పొద్దున బిడ్డ గోడ పట్టుకుని బాత్రూంకు నడిచింది. అమ్మకు ఫోన్ చేశాను.

అమ్మ మధ్యాహ్నం బస్సుకు వచ్చింది. బాత్రూంలో ముక్కలు నానబెట్టిన బకెట్ ఉంది, నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. అమ్మ వంగి చూసింది, చేయి పెట్టి చూసింది.

"వాడనిది ఒకటి తే."

తెచ్చాను. మగ్గులో మంచినీళ్ళు పోసి దాన్ని ముంచి పిసికింది. చూస్తుండగానే నీళ్ళు ఎర్రబడ్డాయి.

"సూసినవా? బకెట్ల ఉన్నదంత నెత్తురే అనుకున్నవు గదా. రంగు ఇడుస్తున్నదే ఇది. రంగుల చేతులు పెట్టి పెట్టి నా చేతులు ఎట్లయినయో సూడలేదా నువ్వు? గిసొంటిది పోరికి ఆడ పెడతవా?"

"నూలు బట్ట మంచిదని..."

"నూలు మంచిదే. రంగు నూలా?"

ఎర్రచీర కొన్న ప్రతి మనిషికీ 'మొదటి రెండుసార్లు విడిగా తడపండి మేడమ్, రంగు పోతుంది' అని రోజుకు పదిసార్లు చెప్పేదాన్ని నేను. మరక దాచాలన్న తొందరలో ఆ సంగతి నాకే తట్టలేదు.

దవాఖానలో డాక్టరమ్మ మెల్లగానే మాట్లాడింది. సెంటు పడలేదో, రంగు పడలేదో, ఆరని తడి వల్లనో ఒక్కసారి చూసి చెప్పలేనంది. ముందు అన్నీ ఆపమని, పూతమందు రాసిచ్చింది. ప్యాడ్ అయితే సెంటు లేనిది వాడాలి, ఏదైనా గంటల తరబడి ఉంచొద్దు. బట్ట అయితే తెల్లది, సబ్బు పోయేదాకా జాడించి, ఎండలో బాగా ఆరేసినది వాడమంది. చీర కింద ఆరేశానని చెబితే నా వైపు చూసి ఊరుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

అమ్మ తెల్లటి పాత ధోవతి ఒకటి కత్తిరించి, వేడినీళ్ళలో ఉడికించి, ముక్కలన్నీ మేడ మీద ఎండలో వరుసగా వేసింది. మా ఓనరమ్మ గుంటూరు వైపు మనిషి. పైకొచ్చి చూసి నొసలు ముడిచింది.

"ఏమండీ పెద్దమ్మగారూ, మగాళ్ళు తిరిగే చోట ఇలా ఆరేస్తే ఎలాగండీ? కాస్త చాటుగా వేసుకోవచ్చుగా."

"చాటుకు ఎండ రాదు గదమ్మా" అంది అమ్మ, ఇంకో ముక్క దులుపుతూ.

ఓనరమ్మ కిందికి దిగిపోయింది. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి చాలాసేపు చెప్పింది. సరే సరే అన్నాను. వాదించే ఓపిక లేదు. ముక్కలు మాత్రం మర్నాడూ అక్కడే ఆరాయి.

సెంటు లేని ప్యాడ్లు మూడు దుకాణాలు తిరిగితే దొరికాయి. అవీ, తెల్ల ముక్కలూ రెండూ బిడ్డ అలమారలో పెట్టాను. మళ్ళీ నెలసరి వచ్చిన రెండో రోజు, నేను అడగకుండానే ఆమె యూనిఫాం వేసుకుని బయటికి వచ్చింది.

"ఏది పెట్టుకున్నవ్? బట్టనా, ప్యాడా?"

"చెప్ప."

"ఎందుకే?"

"చెప్తే మల్ల లైబ్రరీకి పోయి ఇంకోటి తెస్తవ్."

"మండుతుందా బిడ్డా?"

"మండితే నేనే మారుస్త. నిన్ను అడగ."

కోపంగా అనలేదు. బ్యాగు తగిలించుకుని మెట్లు దిగింది. నేను గేటు దగ్గర నిలబడి గల్లీ చివరిదాకా ఆమె నడకనే చూశాను. మామూలుగానే నడుస్తోంది. ఒకసారి ఆగింది. నేను గేటు దాటి ఒక అడుగు వేశాను. షూ లేసు కట్టుకుని మళ్ళీ నడిచింది. బస్టాప్ వైపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు.